వృద్ధ తల్లిదండ్రుల పోషణ – సొంత ఇంటి రక్షణ

తల్లిదండ్రుల సేవ గురించి మన మస్జిదులలో తరచుగా ఉపన్యాసాలు జరుగుతూ ఉంటాయి. విన్నవారి కళ్లు చెమర్చుతాయి. కానీ ఆ సేవకు అయ్యే ఖర్చును ఎవరు భరించాలి, ఏ లెక్కన భరించాలి, తల్లిదండ్రుల పేరున ఉన్న ఇల్లు ఆ ఖర్చులో కరిగిపోకుండా ఎలా కాపాడుకోవాలి అనే ప్రశ్నలకు వచ్చేసరికి మాటలు కరువవుతాయి. అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య మనస్పర్థలు పుట్టేది మాత్రం సరిగ్గా ఇక్కడే. ప్రేమ లేక కాదు, లెక్క లేక. కావున ఈ వ్యాసంలో ఇస్లామీ ధర్మశాస్త్రం (ఫిఖ్హ్) ఈ విషయంలో ఏమి నిర్దేశించింది, మన దేశ చట్టం ఏ రక్షణ కల్పించింది, రెండింటినీ కలుపుకుని ఒక సామాన్య కుటుంబం ఎలా నడుచుకోవచ్చు అన్నది వివరించటం జరుగుతుంది.

ఖమ్మం జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న వేంసూరు మండలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి ముస్లిములలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు, తెలుగే మాతృభాషగా గల దూదేకుల (నూర్ బాషా) కుటుంబాలూ ఉన్నాయి. కౌలు సేద్యం, చిన్న దుకాణం, మెకానిక్ పని, తోటలలో కూలి, సత్తుపల్లి బొగ్గు గనుల చుట్టూ దొరికే పనులు జీవనాధారం. పిల్లలలో ఒకరు ఊళ్లో ఉంటే, మరొకరు హైదరాబాదులోనో గల్ఫ్ దేశంలోనో ఉంటారు. ఆడపిల్ల పక్క మండలంలో అత్తవారింట ఉంటుంది. తండ్రి జీవితమంతా కష్టపడి కట్టుకున్న నాలుగు గదుల ఇల్లు తప్ప చెప్పుకోదగిన ఆస్తి ఉండదు. ఇలాంటి ఇంటిలో తండ్రికి పక్షవాతం వచ్చినా, తల్లి తుంటి ఎముక విరిగినా మొదట కదిలేది ఆ ఇల్లే.

పోషణ బాధ్యత ఎవరిది?

దివ్యఖుర్ఆన్ ‘బనీ ఇస్రాయీల్’ సూరాలో అల్లాహ్ ఆరాధన తర్వాత వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తన ప్రస్తావన వస్తుంది (17:23, 24). వారు వృద్ధాప్యానికి చేరినప్పుడు విసుగు మాట సైతం నోట రాకూడదని అక్కడ బోధించబడింది. ‘బఖరా’ సూరాలో, ఖర్చు చేయదలచిన ధనానికి మొట్టమొదటి హక్కుదారులుగా తల్లిదండ్రులు పేర్కొనబడ్డారు (2:215). ‘లుఖ్మాన్’ సూరాలో, తల్లిదండ్రులు అవిశ్వాసులైనా సరే ఇహలోక వ్యవహారాలలో వారితో మంచిగా మెలగాలన్న ఆదేశం ఉంది (31:15). కాబట్టి తల్లిదండ్రులు వేరే మతంలో ఉన్నప్పటికీ వారి పోషణ బాధ్యత సంతానం నుండి తొలగిపోదని ధర్మవేత్తలు నిర్ణయించారు.

ఈ ఆదేశాల ఆధారంగా హనఫీ ధర్మవేత్తలు ‘నఫఖా’ (పోషణ) నియమాలను వివరించారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

ఒకటి: తల్లిదండ్రులకు సొంత ధనం ఉంటే వారి పోషణ వారి ధనం నుండే జరగాలి. లేనప్పుడే సంతానంపై విధి అవుతుంది.

రెండు: పేదవారైన తల్లిదండ్రులు పని చేయగల స్థితిలో ఉన్నా సరే, పనికి వెళ్లి తెచ్చుకు తినమని చెప్పే హక్కు స్థోమత గల సంతానానికి లేదు. ఇతర బంధువుల విషయంలో పనిచేయలేని అశక్తత కూడా చూస్తారు. తల్లిదండ్రులకు మాత్రం ఈ మినహాయింపు ఉంది.

మూడు: ఈ బాధ్యత కొడుకులది మాత్రమే కాదు. ప్రసిద్ధ హనఫీ గ్రంథం ‘హిదాయా’ ప్రకారం స్థోమత గల కొడుకూ కూతురూ ఇందులో సమానులే. వారసత్వంలో ఉన్న రెండింతల లెక్క పోషణకు వర్తించదు. అయితే సంతానంలో ఒకరు మిక్కిలి ధనికుడు, మరొకరు అంతంత మాత్రపు స్థితిపరుడు అయినప్పుడు ఎవరి స్థోమతను బట్టి వారు భరించాలని కొందరు హనఫీ ధర్మవేత్తలు చెప్పారు.

నాలుగు: పెళ్లయిన కూతురి బాధ్యత ఆమె సొంత ధనానికి సంబంధించినది. ఆమె భర్త ధనంపై అత్తమామల పోషణ విధి కాదు. అదే విధంగా, కోడలిపై అత్తమామల సేవ ధర్మశాస్త్రరీత్యా విధి కాదు. అది కొడుకు విధి. కోడలు చేస్తున్నదంతా ఆమె చేస్తున్న మేలు. మన ఇళ్లలో మంచాన పడిన అత్తకు స్నానం చేయించేది, పక్క బట్టలు ఉతికేది, గంటకోసారి మందు పట్టించేది చాలా వరకు కోడలే. కానీ ఖర్చుల లెక్కలోగాని, ఆస్తి మాటలోగాని ఆమె పేరు రాదు. ఈ అన్యాయానికి షరీఅత్‌లోనే ఒక పరిష్కారం ఉంది. దాన్ని వసియ్యత్ గురించి చెప్పేటప్పుడు చూద్దాం.

ఐదు: తల్లిదండ్రులకు జకాతు ధనం ఇవ్వటం చెల్లదు. వారి పోషణ సంతానంపై హక్కుగా ఉన్నది గనుక, జకాతుతో ఆ హక్కు తీర్చటమంటే తన జేబులోని సొమ్మును తన మరో జేబులో వేసుకోవటమే. పేదవారైన అన్నదమ్ములకు, మేనత్తలకు, పినతండ్రులకు జకాతు ఇవ్వవచ్చు. కాబట్టి గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఏటా తీసే జకాతును తల్లి మందులకు పంపి రెండు పనులూ అయిపోయాయని భావిస్తే, రెండూ కాలేదన్నమాట.

ఖర్చు: మూడు రకాల లెక్క

ఒక కొడుకు ఊళ్లో ఉండి పదేళ్లు తల్లిదండ్రులను చూసుకున్నాడు. తండ్రి మరణించాక, “నేను ఇన్ని లక్షలు పెట్టాను, ఇల్లు నాదే” అంటాడు. మిగతావారు, “నువ్వు ఆ ఇంట్లో అద్దె లేకుండా ఉన్నావు కదా” అంటారు. ఎవరి దగ్గరా కాగితం లేదు. ఈ తగాదా జమాఅత్ పెద్దల ముందుకు ఎన్నోసార్లు వస్తుంది. ధర్మశాస్త్రం ఇక్కడ మూడు రకాల ఖర్చులను వేరు చేస్తుంది.

మొదటిది, పేద తల్లిదండ్రుల పోషణలో తన వంతుగా పెట్టినది. అది తన విధి. దాన్ని ఎవరి దగ్గరా తిరిగి కోరే హక్కు లేదు. దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది.

రెండవది, తోబుట్టువుల వంతును వారి మాట మీద తాను పెట్టినది. “ఈ ఆరు నెలలు నువ్వే పెట్టు అన్నయ్యా, నా వంతు తర్వాత ఇస్తాను” అని తమ్ముడు అంటే అది తమ్ముడి మీద అప్పు. ఇంటి మీద అప్పు కాదు. ఆ మాట లేకుండా తనంతట తాను పెట్టి ఉంటే అది స్వచ్ఛంద దానం (తబర్రు) కిందికి వస్తుంది. తర్వాత వసూలు చేసే హక్కు ఉండదు.

మూడవది, స్థోమత గల తండ్రి స్వయంగా అడిగి తీసుకున్నది. “ఆపరేషన్‌కు నువ్వు కట్టు, తోట మీద డబ్బు రాగానే ఇస్తాను” అని తండ్రి అంటే అది తండ్రి మీద అప్పు. ఆయన తీర్చకుండా మరణిస్తే అది ఆయన ఆస్తి నుండి తీరాలి. ‘నిసా’ సూరాలో వారసత్వ వాటాలు చెప్పిన చోటనే, వసియ్యత్తూ అప్పులూ తీరిన తర్వాతనే పంపకం అని స్పష్టం చేయబడింది (4:11, 12). అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతు లోపు వసియ్యత్, ఆ తర్వాత వారసుల వాటాలు. ఇదీ వరుస.

ఒక లెక్క చూద్దాం. తండ్రి మరణించాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇంటి విలువ రు. 8,00,000 అనుకుందాం. అప్పు ఏమీ లేకపోతే ఇంటిని 40 భాగాలు చేయాలి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 భాగాలు (రు. 1,00,000). మిగిలిన 35 భాగాలలో ఒక్కో కొడుకుకు 14 (రు. 2,80,000), కూతురికి 7 (రు. 1,40,000). పెద్దకొడుకు తండ్రికి ఇచ్చిన అప్పు రు. 1,60,000 రుజువైతే ముందు అది తీరాలి. మిగిలేది రు. 6,40,000. అప్పుడు తల్లికి 80,000, ఒక్కో కొడుకుకు 2,24,000, కూతురికి 1,12,000. పెద్దకొడుకుకు అప్పు తిరిగి వచ్చింది, వాటా కూడా వచ్చింది. కానీ ‘ఇల్లు మొత్తం నాదే’ అనే మాటకు ఆధారం దొరకలేదు. ఎవరి హక్కూ పోలేదు.

అప్పును వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ‘బఖరా’ సూరాలోని సుదీర్ఘమైన ఆయతు (2:282) ఆదేశిస్తున్నది. తండ్రీకొడుకుల మధ్య కాగితమేమిటని చాలామంది సంకోచిస్తారు. ఆ కాగితం తండ్రి మీద అపనమ్మకంతో వ్రాసేది కాదు, తండ్రి తర్వాత తోబుట్టువులు విడిపోకుండా వ్రాసేది. ఒక నోటుపుస్తకంలో తేదీ, మొత్తం, కారణం వ్రాసి, తండ్రి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలో పెట్టించాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణ అప్పుపై దావాకు మూడేళ్లే గడువు. గడువు ముగిసేలోగా అప్పును అంగీకరిస్తూ మళ్లీ సంతకం చేస్తే గడువు కొత్తగా మొదలవుతుంది. షరీఅత్‌లో అప్పు కాలం గడిచినంత మాత్రాన రద్దు కాదు. కానీ కోర్టులో కావలసింది కాగితం.

ఇల్లు వ్రాసి ఇవ్వటం (హిబా)

“మమ్మల్ని చూసుకునేవాడికి ఇల్లు వ్రాసేస్తాం” అనటం మన పల్లెల్లో పరిపాటి. ఇది తల్లిదండ్రులకు అన్నిటికంటె ఎక్కువ ప్రమాదం తెచ్చే నిర్ణయం. అందువలన హిబా నియమాలను జాగ్రత్తగా గమనించాలి.

హిబా పూర్తి కావటానికి మూడు అంగాలు అవసరం: దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం (ఖబ్జా). నోటిమాట చెప్పి తాళాలు తన దగ్గరే ఉంచుకుంటే హిబా కాలేదు. అయితే పూర్తయిన తర్వాత సంగతి వేరు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, స్వాధీనం కూడా ఇచ్చేసిన తర్వాత సంతానానికి చేసిన హిబాను వెనక్కు తీసుకోవటానికి వీలులేదు. షాఫిఈ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలు తండ్రికి కొన్ని హద్దులలో ఆ వీలు ఇచ్చారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు గనుక, తండ్రి ఒకసారి ఇల్లు ఇచ్చేశాడంటే ఇచ్చేసినట్టే.

ఇక కాగితం సంగతి. 1968 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక తండ్రి తన కుమారులలో ఒకరికి మామూలు కాగితం మీద హిబా వ్రాసి ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. తండ్రి మరణం తర్వాత మిగతా వారసులు వాటాల కోసం దావా వేశారు. కింది కోర్టు హిబా చెల్లుతుందన్నది. రిజిస్ట్రేషన్ లేదు గనుక చెల్లదని హైకోర్టు అన్నది. చివరికి 2011 మే నెలలో సుప్రీంకోర్టు, ‘హఫీజా బీబీ’ కేసుగా పేరుపడిన తీర్పులో, మూడు అంగాలూ నెరవేరితే ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, వ్రాసినంత మాత్రాన ఆ స్వభావం మారదని తేల్చింది. ఈ తీర్పును పట్టుకుని ‘రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని సంబరపడేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ కాగితానికీ తుది తీర్పుకూ మధ్య 43 సంవత్సరాలు గడిచాయి. ఇవ్వటం సులభమైన చోట రుజువు చేయటం అంత కష్టం.

సంతానంలో ఒక్కరికే ఇవ్వటం గురించి కూడా ధర్మం హెచ్చరిస్తుంది. బషీర్ (రజి) అనే సహాబీ తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (సఅసం)ను కోరాడు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన విచారించి, లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు. దీనినిబట్టి జీవించి ఉండగా ఇచ్చే కానుకలలో పిల్లల మధ్య సమానత్వం పాటించటం హనఫీల దృష్టిలో ఉత్తమం, హంబలీల దృష్టిలో విధి. సేవ చేసిన బిడ్డకు, లేక వికలాంగుడైన బిడ్డకు కొంత ఎక్కువ ఇవ్వటానికి హనఫీ ధర్మవేత్తలు అనుమతించారు. కాని ఇతరులను నష్టపరిచే ఉద్దేశం ఉండకూడదు.

మరో చిక్కు. “సగం ఇల్లు చిన్నదానికి” అంటూ విడదీయకుండానే హిబా చేస్తే, విభజించదగిన ఆస్తిలో అవిభక్త వాటా (ముషా) హిబా హనఫీ ప్రకారం సక్రమం కాదు. గోడ పెట్టి, హద్దులు చూపి ఇవ్వాలి. అవిభక్త వాటాను అమ్మటం మాత్రం చెల్లుతుంది. తల్లిదండ్రుల చికిత్సకు డబ్బు కావలసినప్పుడు ఇంటిలో ఒక వాటాను సంతానంలోనే ఒకరికి న్యాయమైన ధరకు అమ్మి, ఆ ధనాన్ని వైద్యానికి వాడుకోవటం హిబా కంటె భద్రమైన మార్గం. ఇల్లు కుటుంబంలోనే ఉంటుంది. ధనం తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది.

మరణశయ్యపై సంతకం

ఆసుపత్రి మంచం దగ్గరకు కాగితాలు తెచ్చి వేలిముద్ర వేయించుకునే వారు లేకపోలేదు. మరణానికి దారితీసిన వ్యాధిలో (మర్జుల్ మౌత్) చేసిన హిబా వసియ్యత్ కిందికి వస్తుందని ధర్మవేత్తల నిర్ణయం. అంటే, మూడో వంతు దాటి చెల్లదు. వారసుడికి చేసినదైతే ఇతర వారసులు ఆ వ్యక్తి మరణం తర్వాత సమ్మతిస్తేనే చెల్లుతుంది. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన ధనాన్ని దానం చేస్తానన్నప్పుడు మూడో వంతు వరకే, అదీ ఎక్కువే అని దైవప్రవక్త (సఅసం) పరిమితి విధించిన సంగతి ప్రసిద్ధం.

ఈ మూడో వంతులోనే ఒక వరం దాగి ఉంది. వారసునికి వసియ్యత్ లేదు. కానీ కోడలు వారసురాలు కాదు. కాబట్టి తమకు ఊడిగం చేసిన కోడలికి అత్తమామలు తమ ఆస్తిలో మూడో వంతు లోపు వసియ్యత్ చేయవచ్చు. దానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. కొడుకులు జీవించి ఉండగా వారసత్వం దక్కని, తండ్రి చనిపోయిన మనుమడికీ ఇదే దారి. ఇంటిలో నివసించే హక్కును (సుక్నా) మాత్రమే వసియ్యత్ చేయటం కూడా చెల్లుతుంది. ఎవరూ గుర్తించని సేవను గుర్తించటానికి షరీఅత్ ఇచ్చిన ఈ అవకాశాన్ని మన కుటుంబాలు దాదాపు మరచిపోయాయి.

తల్లి సంగతి

తండ్రి మరణించగానే ఇల్లు అమ్మి పంచుకుని, తల్లిని నెలకొకరి ఇంట వంతులు వేసుకోవటం కనిపిస్తుంది. ఆమె మూట కట్టుకుని ఊరూరూ తిరుగుతుంది. తల్లికి ఎనిమిదో వంతు ఎవరి దయ మీదా ఆధారపడని హక్కు. అంతకు ముందు ఆమె మహర్ ఉంది. భర్త చెల్లించకుండా మిగిలిన మహర్ అప్పు. వారసుల వాటాల కంటె ముందు అది తీరాలి. భర్త ఆస్తి న్యాయంగా తన స్వాధీనంలో ఉన్న వితంతువు, మహర్ చెల్లించేవరకు దాన్ని తన స్వాధీనంలో ఉంచుకోవచ్చని బ్రిటిష్ కాలంలోనే ప్రీవీ కౌన్సిల్ ‘మైనా బీబీ’ కేసులో అంగీకరించింది. అమ్మే హక్కు మాత్రం దానివలన రాదు. కాబట్టి నికాహ్‌నామా కాగితాన్ని పెట్టెలో భద్రపరచటం వృద్ధాప్యానికి ఒక రక్షణ.

పిల్లలలో ఒకరు ఇల్లు ఉంచుకోదలిస్తే, మిగతా వారసుల వాటాలకు ఒప్పుకున్న సొమ్ము చెల్లించి వారిని విడుదల చేసుకునే పద్ధతి (తఖారుజ్) ధర్మశాస్త్రంలో ఉంది. వాయిదాల మీద చెల్లించే ఒప్పందం కూడా చేసుకోవచ్చు. అక్కచెల్లెళ్లు మొహమాటంతో చేసే ‘వదులుకున్నాం’ అనే సంతకం దీనికి సమానం కాదు.

తాకట్టు, భోగ్యం, వడ్డీ

ఆసుపత్రి బిల్లు తరుముతున్నప్పుడు ఇల్లు తాకట్టు పెట్టటం జరుగుతుంది. వడ్డీ నిషిద్ధమని అందరికీ తెలుసు. కానీ ‘భోగ్యం’లో ఉన్న వడ్డీని చాలామంది గుర్తించరు. అప్పు ఇచ్చిన వ్యక్తి అద్దె లేకుండా ఇంట్లో ఉండి, అసలు తిరిగి రాగానే ఖాళీ చేస్తాడు. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీయే. ఇంటి వాడకం కూడా ఆ లాభమే. తాకట్టు (రహ్న్) అప్పుకు భద్రతగా మాత్రమే ఉండాలి. 2007లో మన దేశంలో వృద్ధుల కోసం బ్యాంకులు మొదలుపెట్టిన రివర్స్ మార్ట్‌గేజ్ పథకం కూడా వడ్డీ మీద నడిచేదే. ఇంటి విలువపై నెలనెలా సొమ్ము ఇచ్చి, మరణానంతరం వడ్డీతో సహా ఇంటినుండి రాబట్టుకుంటుంది. దానికంటె ముందుగదిని దుకాణానికి అద్దెకివ్వటం, ఖాళీ స్థలంలో కొంత అమ్మటం, పైన చెప్పినట్టు వాటాను బిడ్డకే అమ్మటం మేలు.

వేంసూరుకు తూర్పున, ఉత్తరాన ఏజెన్సీ గ్రామాలు ఉన్నాయి. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాని 1970 సవరణ (జనం ‘వన్ ఆఫ్ సెవంటీ’ అంటారు) అమలులో ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి అమ్మకం, దానం, తాకట్టు, కౌలు గిరిజనుల పేర తప్ప చెల్లవు. ఆ గ్రామాలలో ఇల్లున్న ముస్లిం కుటుంబం అడ్వకేటు సలహా లేకుండా హిబా కాగితం వ్రాయటం గాని, ఇంటిమీద అప్పు చేయటం గాని ప్రమాదకరం.

దేశ చట్టం ఇచ్చే అండ

1937 షరీఅత్ అన్వయ చట్టం ముస్లిముల వారసత్వం, హిబా, పోషణ, మహర్ విషయాలకు షరీఅత్‌ను వర్తింపజేసింది. వ్యవసాయ భూమిని మాత్రం మినహాయించింది. ఇంటికి ఆ మినహాయింపు లేదు. దీనితోపాటు అన్ని మతాలవారికీ వర్తించే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. 60 ఏళ్లు నిండినవారు, లేదా ఏ వయసువారైనా తల్లిదండ్రులు తమను తాము పోషించుకోలేనప్పుడు దీనిని ఆశ్రయించవచ్చు. కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు బాధ్యులు. సంతానం లేని వృద్ధుల విషయంలో వారి ఆస్తి దక్కవలసిన బంధువు బాధ్యుడు. కోడలు, అల్లుడు ఈ జాబితాలో లేరు. హనఫీ నియమానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులే గమనించగలరు.

దరఖాస్తు రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. వేంసూరు వారికి అది కల్లూరు ఆర్.డి.ఓ. కార్యాలయం. నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు. నెలకు రు. 10,000 వరకు భృతి విధించవచ్చు. చెల్లించనివారికి జైలు కూడా ఉంది. తీర్పుపై తల్లిదండ్రులు 60 రోజులలో కలెక్టరు స్థాయి అప్పీలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. స్వయంగా కదలలేనివారి తరఫున వారు అధికారమిచ్చిన మరొకరు దరఖాస్తు పెట్టవచ్చు. సలహాకు 14567 అనే ఉచిత ఫోను సహాయం ఉంది. మేజిస్ట్రేటు కోర్టులో భృతి కోరే మార్గం (ఇదివరకటి 125వ సెక్షను, 2024 జూలై నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను) కూడా ఉంది. రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలి. పెళ్లయిన కూతురు కూడా బాధ్యురాలేనని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది.

ఇంటి విషయంలో 23వ సెక్షను ప్రాణం వంటిది. తనకు అన్నవస్త్రాలు, కనీస సౌకర్యాలు చూడాలన్న షరతుతో వృద్ధుడు ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవాడు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఇది వృద్ధుల మేలు కోరే చట్టం గనుక ఉదారంగా అర్థం చేసుకోవాలన్నది. కాబట్టి దస్తావేజులోనే షరతు వ్రాయించటం అవసరం.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. హిబాతో పొసగని షరతు హనఫీ ప్రకారం కొట్టుబడిపోతుంది, హిబా మిగులుతుంది కదా? నిజమే. కానీ తల్లిదండ్రులను చూసుకోవటం షరతు వలన పుట్టిన బాధ్యత కాదు, అది ముందే ఉన్న విధి. దస్తావేజులోని వాక్యం ఆ విధిని కాగితం మీద పెడుతుంది, అంతే. ఆస్తిని ఇచ్చి దాని ఆదాయాన్ని తన జీవితకాలానికి ఉంచుకున్న తండ్రి హిబాను 1867లోనే ప్రీవీ కౌన్సిల్ సమర్థించింది. విధిని ఎగగొట్టినవాడు ‘హిబాకు వాపసు లేదు’ అన్న ఫిఖ్హ్ నియమం వెనుక దాక్కోవటం షరీఅత్ ఉద్దేశానికే విరుద్ధం. అయినా ఈ చిక్కంతా తప్పించుకునే మార్గం ఒక్కటే: బ్రతికి ఉండగా ఇల్లు ఇవ్వకపోవటం.

ఇతర దేశాలలో

పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలకు అక్కడి పద్ధతి తెలిసే ఉంటుంది. పేదలకు వృద్ధాశ్రమ ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం, దరఖాస్తుకు ముందు 60 నెలలలో ఎవరికైనా ఆస్తి ఇచ్చేశారా అని విచారిస్తుంది. 1993 చట్టం తర్వాత, మరణించినవారి ఆస్తి నుండి పెట్టిన ఖర్చు రాబట్టటం అక్కడి రాష్ట్రాలకు విధి అయింది. సింగపూరులో 1995 నుండి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. అస్సాంలో 2017 చట్టం తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగి జీతం నుండి పది శాతం కోసి వారికి ఇప్పిస్తుంది. మన దగ్గర ప్రభుత్వం ఇంటిని అడగదు. ఆసరా పింఛను 2019 నుండి నెలకు రు. 2,016 చొప్పున ఇస్తూ వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సలకు తోడ్పడుతుంది. కానీ మంచాన పడినవారి రోజువారీ సేవ, మందులు, పథ్యం కుటుంబం మీదే పడతాయి. ఆ ఖర్చు పెట్టినవారే తర్వాత ఇంటిని అడుగుతారు.

చేయవలసిన పనులు

తండ్రికి ఆరోగ్యం, తెలివి బాగా ఉన్నప్పుడే పిల్లలందరూ, కూతుళ్లతో సహా, ఒక చోట కూర్చోవాలి. నెల ఖర్చు లెక్క వేయాలి. ఉదాహరణకు నెలకు రు. 9,000 అవుతుందనుకుందాం. పింఛను 2,016, ముందుగది అద్దె 2,000 పోగా సుమారు 5,000 మిగులుతుంది. స్థోమత గల సంతానం మధ్య దాన్ని పంచాలి. డబ్బు ఇవ్వలేని బిడ్డ సేవతో తన వంతు తీర్చుకోవచ్చు. కానీ అది అందరూ ఒప్పుకుని వ్రాసుకున్న మాట కావాలి.

ఇంటి కాగితాలు సరిచూసుకోవాలి. పంచాయతీ పన్ను రసీదు మాత్రమే ఉండి దస్తావేజు లేకపోతే, తల్లిదండ్రులు ఉండగానే సరిచేయించాలి. అప్పుల పుస్తకం పెట్టాలి. తల్లి మహర్ చెల్లిందో లేదో తేల్చుకుని, మిగిలి ఉంటే ఇప్పుడే చెల్లించాలి. మూడో వంతు లోపు వసియ్యత్ వ్రాసి ఇద్దరు సాక్షులతో భద్రపరచాలి. ఇల్లు తల్లిదండ్రుల పేరనే, వారిలో చివరివారు కన్నుమూసేవరకూ ఉండాలని అందరూ ఒప్పుకుంటే అంతకు మించిన రక్షణ లేదు.

మస్జిదు కమిటీలు కూడా ఇందులో చేయగలిగింది ఉంది. నికాహ్ రిజిస్టరు ఉంచినట్టే, వసియ్యత్తులకు, కుటుంబ ఒప్పందాలకు సాక్షులుగా నిలిచే ఇద్దరు ముగ్గురు నమ్మకస్థులను నియమించవచ్చు. తగాదా ముదిరిన తర్వాత పంచాయితీ చేయటం కంటె, తండ్రి తన నోటితో లెక్క చెప్పగలిగిన రోజున ఒక గంట కూర్చోవటం తేలిక.

ఇంటి గోడలు తల్లిదండ్రులవి. వాటి నీడలో వారు నిశ్చింతగా కన్నుమూయటం వారి హక్కు. ఆ తర్వాత ఆ గోడలను పంచటం అల్లాహ్ తన గ్రంథంలో స్వయంగా నిర్ణయించిన పని. మనం చేయవలసినదల్లా ఆ రెండింటి మధ్య అన్యాయం చొరబడకుండా చూడటమే.